మనమే బాగుచేసి, మనమే డబ్బులు కట్టిన జమ్మలమడుగు లాడ్జి

గండికోట వెళ్లేవాళ్లు శని, ఆదివారాలైతే బస ముందే బుక్ చేసుకోండి. కోట దగ్గరున్న టూరిజం వాళ్ల హరిత హోటల్లో రూములు అయిపోతే మాలాగే జమ్మలమడుగుకి దిగొచ్చి, ఏ లాడ్జి దొరికితే అందులో పడాల్సిందే. మాకు దొరికిన దాని పేరు రాయను గానీ, ముగ్గురికి ఏసీ లేని రూముకి 1,600, అదీ మొత్తం ముందే కట్టించుకుని తాళం చేతికిచ్చారు.

కర్నూలు నుంచి బనగానపల్లె మీదుగా బెలూం గుహల దాకా ఏ ఇబ్బందీ లేదు. మొత్తం 3,229 మీటర్ల గుహల్లో మనల్ని తిరగనిచ్చేది కిలోమీటరున్నర దాకా, లోపల ఒకటే ఉక్క, చాలాచోట్ల నడుం వంచి నడవాలి. మా బావమరిది తన లెదర్‌మన్ సర్జ్‌ని తొడుగుతో సహా బెల్టుకి తగిలించుకొచ్చాడు, ప్లయర్, కత్తి, రంపం లాంటివన్నీ ఒక్కదాంట్లోనే మడిచి ఉండే మల్టీటూల్. మూడు వందల ముప్పై గ్రాముల పైమాటే అది. వంగినప్పుడల్లా కడుపులో పొడుస్తోందని సణుగుతూనే ఉన్నాడు, బయటికి రాగానే తీసి కారు డిక్కీలో పడేశాడు. నా జేబులో ఉన్నది అదే కంపెనీ స్కెలిటూల్, 142 గ్రాములు, ప్లయర్, కత్తి, స్క్రూడ్రైవర్ బిట్టు, ఇంతే. అది ఉన్న సంగతే మర్చిపోయాను. గండికోటలో జామియా మసీదు, మాధవరాయ స్వామి గుడి, ధాన్యాగారం, ఆ తర్వాత పెన్నా లోయ అంచున పొద్దుగూకే దాకా కూర్చోవడం, అంతా హాయిగా గడిచింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క హోటల్లో సంకటి, నాటుకోడి పులుసు, ప్లేటు 180. మా ఆవిడ రెండో ముద్ద అడిగి మరీ వేయించుకుంది. ఆ రోజుకి అందరం కలిసి నవ్వింది అక్కడే ఆఖరు.

లాడ్జికొచ్చి చూస్తే బాత్రూం తలుపు గడియ ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. కింద చెబితే "పొద్దున్నే కార్పెంటర్ వస్తాడు సార్" అన్నాడు. రాత్రికి ఏం చేయాలిరా అంటే నవ్వుతాడు. గడియ సంగతి స్కెలిటూల్‌తో ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఊడిన స్క్రూ చౌకట్టు కిందే దొరికింది, కన్నం వదులైపోయి ఉంటే అగ్గిపుల్ల ముక్క దూర్చి బిగించాను, గట్టిగానే నిలిచింది.

అసలు గొడవ కొళాయితో. పిడి కింద ఉండే ఇత్తడి నట్టు వదులై, పదకొండు దాటినా బకెట్లో టప్పు టప్పుమని నీళ్లు. స్కెలిటూల్ ప్లయర్‌తో పట్టుకుంటే దాని మూతి సన్నం, చేతికి పట్టు తక్కువ, నట్టు తిరగకుండా అంచులు గీసుకుపోతున్నాయి. "బావా, ఆపు, నాది తెస్తా" అని వాడు రెండంతస్తులు దిగి వెళ్లాడు. గేటుకి తాళం, వాచ్‌మన్ నిద్ర, కారేమో వీధిలో. వాడు వాచ్‌మన్‌ని లేపి, గేటు తీయించి, డిక్కీలోంచి సర్జ్ తెచ్చేసరికి ఇరవై నిమిషాలు. తెచ్చాక మాత్రం ఒక్క తిప్పు, చుక్క ఆగిపోయింది. పెద్ద నోరు, పొడుగు పిడి, అంతే తేడా. వాడి మొహం చూడాలి ఆ క్షణాన.

పొద్దున ఖాళీ చేస్తుంటే మేనేజరు పైకొచ్చి అన్నీ చూసి, కొళాయి నట్టు గీసుకుపోయింది, 200 కట్టండి అన్నాడు! గడియ బిగించినందుకు మాకెంత ఇస్తావని మా ఆవిడ అడిగితే, ఎవరు బిగించమన్నారు మేడం అని ఎదురు ప్రశ్న. అరగంట అరుచుకున్నాక 100 తీసుకుని వదిలాడు, రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందట. వంద పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఒళ్లు మండింది. మా బావమరిదికైతే ప్రొద్దుటూరు దాటేదాకా నోట మాట లేదు, కడపలో కారం దోసె (ప్లేటు 50, ఎర్రకారం నషాళానికి అంటింది) కడుపులో పడ్డాకే మనిషయ్యాడు.

కారులో మొదలైన వాదన మాత్రం తెగలేదు. నట్టు తిప్పింది సర్జే కాబట్టి సర్జే కొనాలంటాడు వాడు. తిప్పింది నిజమే, కానీ అవసరమైనప్పుడు అదెక్కడుంది? డిక్కీలో. రోజూ ఆఫీసుకి, మార్కెట్టుకి తిరిగే మనిషి ప్యాంటు జేబులో సర్జ్ వారం కూడా ఉండదు, జేబు కుట్లే ముందు ఊడతాయి. సొంత బండి, తోట, బోరు మోటారు ఉన్నవాళ్లు కొనుక్కోండి, కొని బండిలోనే పెట్టండి, అందులో రంపం, ఆకురాయి, పెద్ద కత్తెర కూడా ఉంటాయి. స్కెలిటూల్‌లో కత్తెర లేకపోవడం నాకూ లోటే, మా ఆవిడ చెప్పు పట్టీకి ప్లాస్టర్ చుట్టాలంటే దాన్ని కత్తితో కోయాల్సి వచ్చింది. కత్తెర కావాలంటే అదే కంపెనీ వేవ్ ప్లస్ ఉంది, 241 గ్రాములు. నా లెక్కలో అది కూడా జేబుకి బరువే, బెల్టుకి తొడుగు అలవాటున్న వాళ్లకి పర్వాలేదు.

ఐదారు వందలకి వచ్చే పేరులేని రకాల జోలికి మాత్రం పోకండి. వాటిల్లో చాలావాటికి కత్తి తెరిచాక లాక్ పడదు, బలంగా ఒత్తితే వేళ్ల మీదికే మడుచుకుంటుంది. ఇంకోటి, కర్నూలు నుంచో కడప నుంచో విమానం ఎక్కేవాళ్లు ఏ మల్టీటూల్ అయినా చెకిన్ బ్యాగులోనే వేయండి, చేతి బ్యాగులో దొరికితే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సిందే, అది వంద రూపాయలతో తేలే బేరం కాదు.