కడప బ్రౌన్ లైబ్రరీ: మా ఊరు మునిగిన తర్వాత నాకు పని చూపిన చోటు

ఎర్రముక్కపల్లిలో ఉన్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రాన్ని కడపలో అందరూ బ్రౌన్ లైబ్రరీ అనే అంటారు. పరిశోధన చేసేవాళ్లు, పద్యాలు తెలిసినవాళ్లు పోయే చోటు అది, ఎరువుల అంగడి నడిపే నాకు అక్కడేం పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా దిక్కుతోచక ఉన్నారని తెలిస్తే ముందు ఆ పేరే చెబుతున్నాను.

మాది గండికోట రిజర్వాయరు ముంపు ఊరు. 26.85 టీఎంసీల నీళ్లు నిలబెట్టే రిజర్వాయరు. సీమకు నీళ్లు కావాలి, ఆ మాట ఎప్పుడూ కాదనను. కానీ 2020లో ఊరు ఖాళీ చేశాక అంగడి పోయింది. అప్పు మీద మందులు, ఎరువులు తీసుకున్న రైతులు తలా ఒక ఊరికి చేరారు. నా దగ్గర బాకీల పుస్తకం మిగిలింది. కడపలో బాడుగ ఇంట్లో పొద్దున లేస్తే ఏ పనీ ఉండేది కాదు. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. మా నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా నోరు విప్పేవాడు కాదు. వచ్చినవాళ్లు ధైర్యం చెప్పి పోయేవాళ్లు. వాళ్ల ప్రేమ నిజమే, ఆ మాటలతో మాత్రం మాకు పొద్దు గడిచేది కాదు.

కరోనా తగ్గాక ఒక్క ప్రశ్న పట్టుకుని లైబ్రరీకి పోయాను. మా ఊరి గురించి ఎక్కడైనా రాసి ఉందా? ఈ మాట అడగడానికి మొహమాటపడ్డాను. అక్కడ నన్ను ఏం చదువుకున్నావని ఎవరూ అడగలేదు. "ఏ తాలూకా అన్నా మీది?" అని మాత్రం అడిగి, కడప జిల్లా కైఫీయత్తుల సంపుటాలు తెచ్చి ముందు పెట్టారు. వాటిని అచ్చు వేసింది కూడా ఈ కేంద్రమే.

కైఫీయత్తులంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపి, కరణాలు రాసిపెట్టుకున్న ఊరి లెక్కల పుస్తకాల (కవిలెల) నుంచి, పెద్దవాళ్ల నోటి నుంచి రాయించిన ఊళ్ల చరిత్రలు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికిచ్చారు, పొలిమేర ఎందాక, ఏ పాలెగాడి కాలంలో ఊరు పాడైంది, ఇలాంటివన్నీ ఉంటాయి. ఆ భాష మొదట్లో కష్టమే. వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియదు. శాలివాహన శకం లెక్కకు 78 కలిపితే మన సంవత్సరం వస్తుందని తెలుసుకున్నాక దారి దొరికింది. ఇంకో సంగతి, మాన్యాల జాబితాలు వచ్చిన చోట నేను ఎక్కడా ఆగలేదు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, ఎంత, ఎప్పటి నుంచి. ఇరవై ఏళ్లు అంగడిలో నేను రాసినవీ ఇలాంటి పద్దులే. చదువు నాకు అబ్బలేదని చిన్నప్పటి నుంచి అనుకున్న నేను, ఆ పుస్తకం ముందు గంటల తరబడి కదలకుండా కూర్చున్నాను.

మా ఊరికి విడిగా కైఫీయత్తు దొరకలేదు. పక్క ఊరి ఎల్లలు చెప్పే చోట మాత్రం తూర్పు హద్దుగా మా ఊరి పేరు ఉంది. ఒక్క పేరే. దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని ఇంటికొచ్చి నాయనకు చదివి వినిపించాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "ఆ హద్దు కాడ జమ్మిచెట్టు ఉండె అబ్బీ, దాని పక్కనే గుడిమాన్యం. రాయి" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఏ చేనుకు ఏ పేరు, ఏ బావిలో నీళ్లు తియ్యగా ఉండేవి, మడుగు కయ్య ఎవరి చేతుల మీదుగా ఎవరికి వచ్చింది, అన్నీ రాస్తున్నాను. పునరావాస కాలనీకి పోయి అవ్వలను, తాతలను అడుగుతున్నాను. నా బాకీల పుస్తకంలో ఉన్న పేర్లే ఇప్పుడు ఈ పుస్తకంలోకీ వస్తున్నాయి. ఈసారి నేను అడిగేది డబ్బు కాదని తెలిసి కాఫీ ఇచ్చి కూర్చోబెడుతున్నారు. నలుగురి దగ్గర కూర్చుని మాట రాబట్టే ఓపిక నాలో ఉందని ఆ ఏడాదే తెలిసింది.

ఆ స్థలం సంగతి కూడా చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి బ్రౌన్ 1820లో కడపకు వచ్చి తెలుగు మీద పట్టు సాధించాడు. తన బంగళాలో పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి, చెదలు తింటున్న తాటాకు గ్రంథాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. అప్పుల పాలయ్యాడు, అయినా ఆ పని వదల్లేదు. ఆ బంగళా పాడుబడిన చోటే ఈ లైబ్రరీ లేచింది. దాని కోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి చందాలు పోగుచేశారు. ఇప్పుడిది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. హాల్లో కూర్చున్నప్పుడు ఆ ఇద్దరూ పడిన శ్రమ నాకు గుర్తొచ్చేది. నా కష్టం తగ్గిందని అనను. అంగడి ఇంకా తెరవలేదు, బాకీల్లో సగం రావు.

నా వరకు ఐదుకు ఐదు మార్కులు. వెంటనే జవాబు కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు, తీరిక చేసుకుని పోవాలి. మీ ఊరి పేరు పాత దస్తావేజుల్లో ఎలా రాశారో ఇంట్లో చూసుకుని వెళ్లండి, ఇప్పటి పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. తాలూకా కూడా పాతదే చెప్పండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి వెంట తీసుకుపోండి, మా నాయన వచ్చిన రోజు నాకు అర్థం కాని మాటలు చాలావాటికి ఆయనే అర్థం చెప్పాడు.