సీవీటీ ఆయిల్: వదిలేయాలా, డ్రెయిన్ చేసి పోయాలా, మెషిన్ పెట్టాలా – ఏది మేలు?

ఇంట్లో సీవీటీ కారు (మెట్లు మెట్లుగా గేర్లు కాకుండా పుల్లీలు, బెల్టు మీద నడిచే ఆటోమేటిక్) ఉండి రీడింగ్ నలభై వేలు దాటిందంటే ఈ గొడవ తప్పదు. ఒకాయన "అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోకండి" అంటాడు, ఇంకొకాయన "డ్రెయిన్ చేసి కొత్తది పోస్తే సరిపోతుంది" అంటాడు, మూడో ఆయన "మెషిన్ పెట్టి మొత్తం కడిగేద్దాం సార్, పికప్ అదిరిపోతుంది" అని ఆశపెడతాడు. నా ఓటు రెండో ఆయనకే. ఆయన చెప్పిందాంట్లో కూడా చిన్న మెలిక ఉంది, అది తర్వాత చెప్తా.

ముందు మీది అసలు సీవీటీయేనా చూసుకోండి. క్లచ్ పెడల్ లేనంత మాత్రాన సీవీటీ అయిపోదు. పాత బాలెనో ఆటోమేటిక్‌లో సీవీటీ ఉండేది, 2022లో వచ్చిన బాలెనోలో ఏఎంటీ (దానంతటదే గేర్లు మార్చుకునే మాన్యువల్ గేర్‌బాక్స్) పెట్టారు, రెండింటి సర్వీసుకీ పోలికే లేదు. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లో ఈ-సీవీటీ అంటారు గానీ అందులో బెల్టూ లేదు, జరిగే పుల్లీలూ లేవు, దాని కథ వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది పెట్రోల్ హోండా సిటీ, అమేజ్, మాగ్నైట్ టర్బో సీవీటీ, హ్యుందాయ్ వాళ్లు ఐవీటీ అని పిలిచే క్రెటా, వెర్నా లాంటి వాటి గురించి.

ఈ గేర్‌బాక్స్‌లో పని చేసేవి ముఖ్యంగా రెండు పుల్లీలు, వాటి మధ్య తిరిగే ఒక స్టీల్ బెల్టు లేదా చైను. ఒక్కో పుల్లీకి ఉండే రెండు సగాలు దగ్గరికి జరిగితే బెల్టు పైకెక్కుతుంది, దూరం జరిగితే కిందికి దిగుతుంది, గేరు మారినట్టే తెలియకుండా స్పీడు పెరిగేది ఇందుకే. ఆ పుల్లీలని నొక్కిపట్టేది ఆయిల్ ప్రెషరే. అరుగుదల లేకుండా చూడాల్సిందీ అదే ఆయిల్, ఇనుముకీ ఇనుముకీ మధ్య పట్టు జారకుండా ఉంచాల్సిందీ అదే ఆయిల్. రైస్ మిల్లులో బెల్టు జారితే వాసనొస్తుంది, కళ్లకి కనిపిస్తుంది, ఆపేస్తారు. ఇక్కడ లోపల జారినా మనకి తెలిసేసరికి పుల్లీ ముఖం మీద గీతలు పడిపోయి ఉంటాయి, ఆ గీతలు ఏ కొత్త ఆయిల్ పోసినా పోవు. మామూలు ఆటోమేటిక్‌కి పోసే ఏటీఎఫ్ ఇందులో పనికిరానిది కూడా ఈ పట్టు గొడవ వల్లే.

సరే, మొదటి దారి: వదిలేయడం. లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్‌టైమ్ అని నేనెప్పుడూ అడుగుతుంటా. వారంటీ గడిచాక బండి మనది, ఖర్చు మనది. అమెరికాలో నిస్సాన్ వాళ్లు 2003 నుంచి 2010 మోడళ్ల సీవీటీలకి వారంటీని పదేళ్లకి, 1,20,000 మైళ్లకి పెంచాల్సి వచ్చింది, అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఆల్టిమా, రోగ్ కొనే మనవాళ్లు అందుకే గేర్‌బాక్స్ చరిత్ర అంతగా ఆరా తీస్తారు. అంత దాకా ఎందుకు, మీ సర్వీస్ పుస్తకం తీసి షెడ్యూల్ పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఎక్కువ వేడి, ఆగుతూ సాగే ట్రాఫిక్, దగ్గర దగ్గర ట్రిప్పులు, కొండ రోడ్లు – వీటిని కఠినమైన వాడకం కింద లెక్కేసి ఆయిల్ ముందే చూడమనో, మార్చమనో ఉంటుంది. మే నెలలో కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే బండి ఇంకే లెక్కలోకి వస్తుంది చెప్పండి!

మెషిన్ సంగతి. వినడానికి బాగుంటుంది, పాతది మొత్తం బయటికి, కొత్తది మొత్తం లోపలికి. కానీ ఆ మెషిన్‌లో మీ ముందు వచ్చిన బండి ఆయిల్ ఏదో, అందులో పోసే డ్రమ్ము మీద పేరేంటో అడిగితే సగం చోట్ల సరైన జవాబు రాదు. ప్రెషర్‌తో తోసేటప్పుడు అడుగున పేరుకున్న ఇనుప రజను కదిలి ఆయిల్ ప్రెషర్‌ని అదుపు చేసే వాల్వ్ బాడీలోకి వెళ్లే ప్రమాదం ఒకటి. ఆయిల్ కూడా రెట్టింపు పడుతుంది, బిల్లూ అంతే. నాకైతే దీని మీద నమ్మకం లేదు.

ఇక డ్రెయిన్ చేసి పోయడం. మెలిక ఇక్కడే ఉంది: ప్లగ్ తీస్తే మొత్తం ఆయిల్ రాదు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో కొంత ఉండిపోతుంది. సుమారుగా సగం దిగుతుందనుకోండి, ఒకసారి మారిస్తే సగం కొత్తది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ మారిస్తే 75 శాతం, మూడోసారికి 87 దాకా వెళ్తుంది. అందుకే ఒక్కసారి చేయించి పదేళ్లు మర్చిపోతే లాభం లేదు, నలభై వేలకో, మీ పుస్తకం ఇంకా తక్కువ చెబితే అప్పటికో వరసగా చేయించుకుంటూ పోవాలి.

చేయించేటప్పుడు పక్కన నిలబడండి, మొహమాటం వద్దు. మొదట పోసే వైపు ప్లగ్ ఊడుతుందో లేదో చూశాకే కింద డ్రెయిన్ ప్లగ్ తీయాలి, లేకపోతే ఆయిలంతా ట్రేలో పడ్డాక పైది బిగుసుకుపోయి ఉంటే బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాన్ని వేలితో తుడవండి: బూడిద రంగు మెత్తటి పేస్టు అయితే మామూలే, మెరిసే ముక్కలు గుచ్చుకుంటే ఆలోచించాల్సిందే. వాషర్ కొత్తది వేయమనండి. చాలా మోడళ్లలో డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి బండి సమంగా నిలబెట్టి, ఆయిల్ పుస్తకంలో చెప్పిన వేడికి వచ్చాక, స్కానర్‌లో ఆ వేడి చూసుకుంటూ లెవెల్ పెట్టాలి. "దిగినంత పోసేశాం సార్" అన్నది దగ్గరదారి, ముందే తక్కువ ఉందనుకోండి ఆ తక్కువ అలాగే ఉండిపోతుంది.

షోరూమా, బయటి షెడ్డా అంటే నాకు చోటు కన్నా ఆయిల్ డబ్బా ముఖ్యం. సిటీ, అమేజ్‌లకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌లో చాలా మోడళ్లకి ఎన్ఎస్-3, ఇలా ఒక్కో కంపెనీకీ ఒక్కో పేరుంది. "అన్నిటికీ పనికొస్తుంది" అని రాసిన డబ్బాతో మిగిలేది ఒకటి రెండు వేలు, పోతే గేర్‌బాక్స్‌కి లక్షల్లో. సీల్ ఉన్న డబ్బా మీరే కొనుక్కెళ్తే, స్కానర్ ఉండి సీవీటీ చేసిన అలవాటున్న బయటి మెకానిక్ దగ్గర నిశ్చింతగా చేయించొచ్చు. వారంటీలో ఉంటే మాత్రం షోరూమే, బిల్లు మీద ఆయిల్ పేరు కనపడాలి.

లక్ష తిరిగి ఒక్కసారీ మార్చని సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నవాళ్లకి "ఇప్పుడు మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది" అని భయపెడుతుంటారు. మార్చినందుకు పోదు, అప్పటికే జారుతున్నది అప్పుడు బయటపడుతుంది. ముప్పై, నలభై స్పీడులో మెల్లగా తొక్కినప్పుడు వణుకు రావడం, డీలో వేశాక ఒక క్షణం ఆగి కదలడం, ఊళలాంటి శబ్దం – ఇవి ఉంటే ఆయిల్ కొనే ముందు స్కాన్ చేయించండి. ఇవేవీ లేకపోతే ఒక డ్రెయిన్, నాలుగైదు వేల కిలోమీటర్లకి ఇంకొకటి, మెషిన్ జోలికి అస్సలు వెళ్లొద్దు.