మూడు రోజుల్లో బెంగళూరు కోవర్కింగ్ సీటు: ఇందిరానగర్, కోరమంగళ, హెచ్‌ఎస్‌ఆర్

బెంగళూరులో కోవర్కింగ్ ఆఫీసు, అంటే పలు కంపెనీలు సీట్లు అద్దెకి తీసుకుని పంచుకునే ఆఫీసు, చూడటానికి సోమవారం బయల్దేరడం మంచిది. మంగళ, బుధ, గురువారాల్లోనే అవి నిండా కనిపిస్తాయి. వారంలో రెండు మూడు రోజులే ఆఫీసుకు వచ్చే టీములు ఈ మధ్య రోజుల్నే ఎంచుకుంటాయి. శుక్రవారం మధ్యాహ్నం వెళ్తే సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ఫోన్ బూత్‌లు (తలుపేసుకుని కాల్ మాట్లాడుకునే చిన్న గదులు) ఖాళీగా ఉంటాయి, వైఫై పరుగులు పెడుతుంది. అది చూసి ముచ్చటపడి సంతకం పెడితే, వచ్చే మంగళవారం క్లయింటు కాల్ మెట్ల మీద నిలబడి మాట్లాడుకోవాలి.

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు నుంచి వచ్చేవారికి 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ బాగుంటుంది. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి దింపుతుంది. యశ్వంత్‌పూర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్‌కి మారితే నేరుగా ఇందిరానగర్ స్టేషన్. కోస్తా వైపు నుంచి వచ్చే రైళ్లలో కొన్ని బయ్యప్పనహళ్లిలోని సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్ దాకా వస్తాయి. అక్కడి నుంచి ఇందిరానగర్‌కి ఆటో చాలు. ప్రైవేటు బస్సులో వస్తే మడివాళలో దిగండి, కోరమంగళ పక్కనే. దిగిన మధ్యాహ్నం ఏ ఆఫీసుకూ వెళ్లకుండా వీధులు మాత్రం నడిచి చూడండి. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఏ బ్రోషరూ చెప్పదు.

మూడు పేటల్లో ఇందిరానగర్‌కి ఉన్న పెద్ద బలం మెట్రో. సీఎంహెచ్ రోడ్డు మీదే స్టేషన్ ఉంది, వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చే ఉద్యోగికీ మెజెస్టిక్ నుంచి వచ్చే ఉద్యోగికీ ఒకటే రైలు. వంద అడుగుల రోడ్డు, 12వ మెయిన్ మీద సీటు ధర ఎక్కువ, పార్కింగ్ తక్కువ. కానీ నలుగురైదుగురు టీము రోజూ టైముకి చేరాలంటే ఈ పేటకే మా ఓటు. కోరమంగళలో స్టార్టప్పుల సందడి ఉంది, తిండికి లోటు లేదు. నడిబొడ్డున మెట్రో మాత్రం లేదు. సోనీ వరల్డ్ జంక్షన్, ఈజీపురా వైపు ఆఫీసు తీసుకుంటే రోజూ ట్రాఫిక్ లెక్క వేసుకోవాలి. నాలుగో బ్లాకు దగ్గరి ఎస్‌టీ బెడ్ లేఅవుట్ పేరులోనే విషయం ఉంది, అది ఒకప్పటి శినివాగిలు చెరువు గర్భం. గట్టి వాన పడితే నీళ్లు అటే చేరతాయి. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ ఆఫీసు ఎంత అందంగా ఉన్నా వద్దు. హెచ్‌ఎస్‌ఆర్‌లో 27వ మెయిన్ చుట్టుపక్కల కొంచెం విశాలమైన గదులు దొరుకుతాయి. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలయ్యాక సిల్క్ బోర్డ్ దాకా మెట్రోలో రావచ్చు. అయితే స్టేషన్ నుంచి లోపలి సెక్టార్లకు మళ్లీ ఆటో తప్పదు.

బసకి ఒకటే మాట. 12వ మెయిన్‌లోనో, కోరమంగళ ఐదో బ్లాకులోనో రోడ్డు వైపు గది తీసుకోకండి. పబ్బుల చప్పుడు అర్ధరాత్రి దాటినా తగ్గదు. దొమ్మలూరు లోపలి వీధుల్లో సర్వీస్ అపార్ట్‌మెంట్ అయితే నిద్రకి నిద్ర, ఇందిరానగర్‌కి దగ్గర. నెల రోజులు ఉండి చూసుకునేవారికి బీటీఎం లేఅవుట్‌లో ఆంధ్రా పీజీలు, మెస్సులు బోలెడు. పప్పు, గోంగూర, అన్నం కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఇక అసలు పని. ఉచిత టూర్‌తో సరిపెట్టుకోకుండా డబ్బు కట్టి డే పాస్ తీసుకోండి. ఇద్దరు వెళ్లండి, ల్యాప్‌టాప్‌తో పాటు ఒక కొలత టేపు, ఒక ల్యాన్ కేబులు (ఇంటర్నెట్ వైరు) పట్టుకెళ్లండి. టేబుల్ వెడల్పు నాలుగడుగులు ఉంటే మానిటరు, నోట్‌బుక్ రెండూ పడతాయి. మూడడుగులైతే పక్కవాడి మోచేయి తగులుతుంది. 'ఆరు సీట్ల క్యాబిన్' అన్నచోట ఆరుగురూ ఒకేసారి కుర్చీలు వెనక్కి లాగితే గోడకి తగులుతాయా అని చూడండి. క్యాబిన్ అద్దాల పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతే, పైన ఖాళీలోంచి మాట పక్క గదికి పోతుంది. ఒకరు లోపల మామూలు గొంతుతో మాట్లాడుతుంటే ఇంకొకరు బయట నిలబడి వినండి. జీతాల సంగతులు మాట్లాడుకునే గది అది. ఫోన్ బూత్‌లో తలుపేసుకుని పదిహేను నిమిషాలు కూర్చోండి. ఫ్యాను పనిచేయని బూత్‌లో ఐదో నిమిషానికే చెమట పడుతుంది, ఆ తర్వాత అటు ఎవరూ పోరు.

ఇంటర్నెట్ పరీక్ష పదకొండున్నరకి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చేయండి. వైఫై మీద, కేబులు మీద విడివిడిగా చూడండి. డౌన్‌లోడ్ అంకెకి మురిసిపోకండి, వీడియో కాల్‌ని కూల్చేది అప్‌లోడ్, పింగ్‌లో (అవతలి నుంచి జవాబు వచ్చే ఆలస్యంలో) ఊగిసలాట. ఇరవై నిమిషాల వీడియో కాల్ ఒకటి నిజంగా చేస్తేనే తెలుస్తుంది. 'మాకు రెండు ఐఎస్‌పీలు (ఇంటర్నెట్ కంపెనీలు) ఉన్నాయి' అంటారు, మంచిదే. ఆ రెండు కేబుళ్లూ భవనంలోకి ఎటు నుంచి వస్తున్నాయో అడగండి. ఈ పేటల్లో ఫైబరు చాలాచోట్ల చెట్ల కొమ్మల మీదుగా, స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తే, కొమ్మ విరిగిన రోజు రెండూ కలిసే పోతాయి. ఒకటి భూమిలో నుంచి వచ్చే లీజ్డ్ లైన్ (ప్రత్యేకంగా కేటాయించిన లైను) అయి, రెండోది వేరే వైపు నుంచి వస్తేనే దాన్ని బ్యాకప్ అనాలి. ఒకటి ఆపి రెండోదానికి ఎంత సేపట్లో మారుతుందో మీ ముందే చూపించమనండి.

కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ మోయాలి. అది రౌటర్లకే ఉందా, సీట్ల దగ్గరి ప్లగ్గులకీ ఉందా అనేది తేడా. ఏసీ కూడా అంతే. సెంట్రల్ ఏసీ సాయంత్రం ఆపేసి, ఆ తర్వాత గంటకింత అని వసూలు చేసే చోట అమెరికా షిఫ్టు టీముకి బిల్లు తడిసి మోపెడవుతుంది. నీళ్ల సంగతి మేనేజరుని కాక హౌస్‌కీపింగ్‌లో పనిచేసేవారిని అడగండి. 2024 వేసవి నీటి ఎద్దడి తర్వాత ఈ ప్రశ్న ఎవరికీ కొత్త కాదు. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చినవారు ఈ ఊళ్లో చాలామంది. 'అక్కా, ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తుంది?' అని తెలుగులో అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

డబ్బు దగ్గర తెలుగు రాష్ట్రాల కంపెనీలు తరచూ దెబ్బతినే చోటు జీఎస్టీ. సీటు తొమ్మిది వేలు అనుకుందాం. ఆరు సీట్లకి 54,000, దాని మీద 18 శాతం అంటే 9,720, మొత్తం 63,720. 'జీఎస్టీ ఎలాగూ క్రెడిట్ వస్తుంది కదా', అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది కదా అని దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆఫీసు స్థలం కర్ణాటకలో ఉంది కాబట్టి బిల్లు మీద కర్ణాటక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) పడతాయి. మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తెలంగాణలోనో ఆంధ్రాలోనో మాత్రమే ఉంటే ఆ క్రెడిట్ మీకు అందదు. ఏడాదికి 1,16,640 రూపాయలు నికర ఖర్చు. కర్ణాటకలో విడిగా రిజిస్ట్రేషన్ తీసుకుంటే క్రెడిట్ వస్తుంది, దానికి వేరే రిటర్నులు వేయాలి, ఆడిటరు ఫీజు పెరుగుతుంది. ఇద్దరు ముగ్గురికి సీట్లు తీసుకునేవారికి ఏది లాభమో సంతకానికి ముందే ఆడిటరుతో లెక్క వేయించండి. రిజిస్ట్రేషన్ కావాలంటే ఒప్పందం, యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కరెంటు బిల్లు, ఈ మూడూ ఇస్తామని ముందే రాతలో తీసుకోవాలి. ఎన్‌ఓసీ మీద ఉన్న పేరు, బిల్లు మీద ఉన్న పేరు వేరైతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. కోవర్కింగ్ కంపెనీ భవనాన్ని ఇంకొకరి దగ్గర అద్దెకి తీసుకుని ఉంటే, అసలు ఓనరు వారికి ఇచ్చిన అనుమతి కాగితం కూడా కావాలి. జీఎస్టీ అధికారి తనిఖీకి వస్తే మీ పేరు బోర్డు కనబడాలి. సొంత బోర్డు పెట్టేటట్లయితే కర్ణాటక చట్టం ప్రకారం అందులో 60 శాతం కన్నడ ఉండాలి.

ఒప్పందంలో లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చేయకూడని కాలం), నోటీసు అనే రెండు మాటలు ఒకటి కావు. ఆరు నెలల లాక్-ఇన్, రెండు నెలల నోటీసు అని రాసి ఉంటే నాలుగో నెల చివర నోటీసు ఇవ్వొచ్చా, ఆరు నిండాకే ఇవ్వాలా? రెండోదైతే ఎనిమిది నెలల అద్దె కట్టినట్టే. ఆ ఒక్క వాక్యాన్ని తేదీలతో రాయించుకోండి. సీట్లు పెంచడం ఎప్పుడూ సులువే, తగ్గించడం గురించి ఏం రాశారో చూడండి. 'అవసరమైతే వేరే సీట్లకి మార్చవచ్చు' అనే మాట ఉంటే, అదే అంతస్తులో, అంతే కొలతల గదికి అని చేర్పించండి. మీటింగ్ రూము గంటలు వాడకపోతే నెలాఖరుకి పోతాయా, వచ్చే నెలకి కలుస్తాయా అనేది మాటగా కాక మెయిల్‌లో తీసుకోండి.

డిపాజిట్టు విషయంలో బెంగళూరు ఇళ్ల అద్దెల అలవాటు ఆఫీసులకీ అంటుకుంది. ఖాళీ చేసే రోజున రంగులు, శుభ్రం అంటూ సీటుకింత అని కోత పెడతారు. చేరిన రోజే గోడలు, కార్పెట్టు, కుర్చీల అడుగు భాగం, ప్లగ్గులు అన్నీ ఫొటోలు తీసి, అదే రోజు వారికి మెయిల్ చేయండి. ఎగ్జిట్ ఛార్జీ ఎంతో, డిపాజిట్టు ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో అంకెల్లో లేకపోతే మొదటి నెల అద్దె పంపకండి.