తక్కువ ధరకు షుగరు స్ట్రిప్పులు కొనేవారికి హెచ్చరిక: గడువు తేదీ మీద స్టిక్కరు ఉందేమో చూడండి

మా అపార్టుమెంటులో మూడు ఇళ్లకు వంట చేసే ఆవిడకు ఆరేళ్లుగా మధుమేహం ఉంది. ఇంట్లోనే పరీక్ష చేసుకునే వీలుంటే ప్రతిసారీ పని మానుకొని వెళ్లే బాధ తప్పుతుందని, నిరుడు మూడు ఇళ్లవాళ్లం తలా కొంత వేసుకొని గ్లూకోమీటర్ కొనిచ్చాం. యంత్రానికి డబ్బు ఒక్కసారి పెడితే సరిపోతుంది కాని, అసలు భారమంతా రక్తపు చుక్క అంటించి యంత్రంలో పెట్టే స్ట్రిప్పులదే. మందుల దుకాణంలో మేము కొన్నవి ఒక్కొక్కటి 20 రూపాయల దాకా పడ్డాయి. వారానికి మూడుసార్లు చూసుకున్నా నెలకు 240 రూపాయలకు తగ్గదు. అందుకే ఆన్‌లైన్‌లో అదే కంపెనీ పేరుతో 100 స్ట్రిప్పులు 700 రూపాయలకు కనిపించినప్పుడు, అమ్మేవారెవరో విచారించకుండానే తెప్పించాను. ఆ పొరపాటు నాది, బాధ మాత్రం ఆమె పడింది.

రెండు నెలలపాటు పరగడుపు అంకెలు 120, 130 దగ్గరే వచ్చాయి. ఆమె కూతురు వాటిని శ్రద్ధగా నోటుపుస్తకంలో రాసేది. ఆ పుస్తకం చూసిన డాక్టరుగారు మందు పెంచనవసరం లేదన్నారు. ఈలోగా నీరసం ఎక్కువైంది, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వచ్చేది, మడమ మీది పుండు ఎంతకీ మానలేదు. చివరకు ల్యాబులో చేయిస్తే పరగడుపు షుగరు 238, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 10.2 శాతం ఉన్నట్లు తేలింది.

అనుమానం వచ్చి స్ట్రిప్పుల డబ్బాను వెలుతురులో పెట్టి చూస్తే, గడువు తేదీ మీద మరో స్టిక్కరు అంటించి ఉంది. గోటితో లాగితే, 14 నెలల క్రితమే ముగిసిన తేదీ కింద కనిపించింది. పెట్టె మీది బ్యాచ్ నంబరుకూ లోపలి డబ్బా నంబరుకూ పొంతన లేదు. స్ట్రిప్పు కొనలో ఉండే ఎంజైము రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే సన్నని విద్యుత్తును కొలిచి మీటరు అంకె చూపిస్తుంది. వేడికో, తేమకో, కాలం చెల్లడం వల్లనో ఆ ఎంజైము పాడైతే అంకె ఎక్కువగానూ రావచ్చు, తక్కువగానూ రావచ్చు. స్ట్రిప్పు పాడైందని మీటరు ప్రతిసారీ హెచ్చరించదు. అసలు మీటరే లేకపోతే నీరసం రాగానే ఆమె ఆసుపత్రికి వెళ్లి ఉండేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కాబట్టి పేదవారి కోసం కొనిచ్చేవారు ధర కంటే ముందు డబ్బాను చూడండి. సీలు చెక్కుచెదరకుండా ఉండాలి, పెట్టె మీదా డబ్బా మీదా బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఒక్కటే కావాలి, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు ముద్రించి ఉండాలి. ప్లాస్టిక్ కవరులో విడిగా పోసి ఇచ్చే స్ట్రిప్పులను ఎంత చౌకైనా తీసుకోవద్దు. మూత తీసిన రోజు తేదీని డబ్బా మీద రాసుకోండి, ఎందుకంటే చాలా కంపెనీలు తెరిచాక కొన్ని నెలల్లోపే వాడమని చెబుతాయి. పొయ్యి పక్క అలమరలో పెట్టవద్దు. కొత్త డబ్బా తెరిచినప్పుడు, ల్యాబులో పరగడుపున రక్తం ఇచ్చే సమయానికే మీటరుతో కూడా చూసి పోల్చండి: 100 లేదా అంతకు మించిన అంకెలకు 15 శాతం లోపు, 100 లోపు అంకెలకు 15 పాయింట్ల లోపు తేడా సాధారణం. అంతకు మించితే మీటరును నమ్మి మాత్రలు మార్చుకోవద్దు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో షుగరు పరీక్ష ఉచితం గనుక పోల్చి చూడడానికి ఖర్చు కూడా కాదు.

సూది గుచ్చకుండానే షుగరు చెబుతుందని ఒక చేతి గడియారాన్ని కూడా ఆ అమ్మకందారు అంటగట్టబోయాడు. అటువంటి గడియారాలను, ఉంగరాలను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

స్ట్రిప్పులు తిరిగి పంపితేనే డబ్బు ఇస్తానని ఆ అమ్మకందారు అన్నాడు. వాటినే ఇంకొకరికి అమ్ముతాడన్న భయంతో నేను పంపలేదు. బిల్లు, డబ్బా ఫొటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ, ఔషధ తనిఖీ అధికారికీ ఫిర్యాదు చేశాం. మీ దగ్గర ఇలాంటి డబ్బా ఉంటే పారేయకండి, స్టిక్కరు పీకక ముందే ఫొటో తీసి ఫిర్యాదు చేయండి.