శాన్ ఏంజెలోలో రాత్రి వేట: ఎక్కడ దిగాలి, ఎవరితో వెళ్ళాలి

డాలస్ నుంచి శాన్ ఏంజెలోకి కారులో నాలుగు గంటల పైమాటే. పడమటి టెక్సాస్‌లో గొర్రెలకీ మేకలకీ పేరుపడ్డ ఊరు ఇది. గొర్రెలున్న చోటికి కయోటీలు రాక తప్పదు. నక్కకన్నా పెద్దది, తోడేలుకన్నా చిన్నది, మహా తెలివైన జంతువు. గొర్రెలు ఈనే రోజుల్లో పిల్లల్ని ఎత్తుకుపోతుంది కాబట్టి, రాంచ్‌ల (పశువుల్ని మేపే పెద్ద పొలాల) యజమానులు రాత్రి వేటగాళ్ళని రానిస్తారు.

వెళ్ళాలనుకుంటే జింకల సీజన్ అయ్యాక వెళ్ళండి. అంతవరకూ రాంచ్‌లన్నీ జింకల వేటకి వచ్చేవాళ్ళతోనే నిండిపోతాయి. మేం ఫిబ్రవరిలో వెళ్ళాం. అది కయోటీలు జతకట్టే కాలం, ఊళ వినిపిస్తే బదులిస్తాయి.

టెక్సాస్‌లో కయోటీకి సీజన్ అంటూ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో రాత్రి కూడా వేటాడొచ్చు. లైసెన్సు మాత్రం తీసుకోండి. టెక్సాస్‌లో ఉండేవాళ్ళకి 25 డాలర్లు, బయటి రాష్ట్రాలవాళ్ళకి 5 రోజుల లైసెన్సు 48 డాలర్లు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు సంగతి కూడా ముందే చూసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్ళకి ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. వలసేతర వీసా ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే అందులో మినహాయింపు ఉంది. అద్దె తుపాకీకైనా ఇదే వర్తిస్తుంది. కాబట్టి లైసెన్సు జేబులో లేకుండా రైఫిల్ ముట్టుకోవద్దు.

బసకి మొదట ఊళ్ళో మోటెల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, కానీ రాత్రి వేటకి అది పనికిరాదు. తెల్లవారుజామున అలసిపోయి అంత దూరం కారు నడపడం ప్రమాదం, పడుకున్న కాసేపటికే గది ఊడ్చేవాళ్ళు తలుపు కొడతారు. రాంచ్‌లోని బంక్‌హౌస్‌కి మారాక ప్రాణం హాయిగా అనిపించింది. రేకుల కప్పు, మూడు మంచాలు, ఒక వంటగది, అంతే. వేడినీళ్ళు రావడానికి చాలాసేపు పడుతుంది. అయినా నా ఓటు దానికే. రైస్ కుక్కర్ తీసుకెళ్ళండి. అర్ధరాత్రి ట్రక్కు వెనక తలుపు దించుకుని, చలిలో పులిహోర తింటుంటే దాని రుచే వేరు.

ఇక గైడ్ల సంగతి. మొదట మాట్లాడుకున్నవాళ్ళు థర్మల్ స్కోపు (చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించే, రైఫిల్ మీద బిగించే దుర్భిణి) ప్యాకేజీలోనే అని చెప్పి, అక్కడికి వెళ్ళాక అద్దె విడిగా అడిగారు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ గైడ్ రైఫిల్ మీదున్న స్కోపుతోనే చుట్టుపక్కలంతా వెతికాడు. అంటే కనబడిన ప్రతి ఆవు వైపూ, ప్రతి ఇంటి వైపూ తుపాకీ గొట్టం తిరిగినట్టే. అలాంటి మనిషితో రెండోరాత్రి వెళ్ళొద్దు.

తర్వాత దొరికిన ఆయన అసలైన పనివాడు. వెతకడానికి చేతిలో థర్మల్ మోనోక్యులర్ (ఒంటికంటి దుర్భిణి), రైఫిల్ మాత్రం ట్రైపాడ్ మీద కదలకుండా. మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమైన మెస్కీట్ పొదల మధ్య, గాలి పక్కనుంచి వీచేలా మమ్మల్ని నిలబెట్టి, జంతువుల అరుపులు వినిపించే ఎలక్ట్రానిక్ కాలర్ పెట్టెని కొంచెం దూరంగా పెట్టాడు. దెబ్బతిన్న కుందేలు అరుపు, మొదట చాలా నెమ్మదిగా. కయోటీ తిన్నగా రాదు, వాసన కోసం గాలి మన మీదుగా పోయే వైపుకి చుట్టి వస్తుంది. అందుకే అటువైపు ఖాళీ నేల ఉండేలా చూసుకోవాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఏదీ రాకపోతే ఇంకో చోటికి.

అలా కాసుకుని నిలబడ్డ ఒక చోట (దాన్నే స్టాండ్ అంటారు) గొర్రెల మంద పక్కనుంచి తెల్లగా మెరుస్తూ ఒక ఆకారం మా వైపు వచ్చింది. నాకు గుండె దడదడలాడింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "తోక చూడు" అన్నాడు. కయోటీ పరిగెత్తేటప్పుడు తోక కిందికి వేలాడేసుకుంటుంది. దీని తోక వీపు మీదికి చుట్టుకుని ఉంది. మందకి కాపలా ఉండే గ్రేట్ పైరినీస్ కుక్క అది. థర్మల్ వేడిని చూపిస్తుంది గానీ రంగు చూపించదు, కుక్కా కయోటీ ఒక్కలాగే మెరుస్తాయి. అనుమానం ఉంటే కాల్చకుండా ఆగే గైడ్ దొరికితే, అడిగినంత ఇచ్చి తీసుకోండి.

తుపాకీ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. తూటా సైజుల్లో .223 సరిపోతుంది, గాలి ఎక్కువగా ఉండే బయళ్ళలో .22-250 మేలు. డబ్బు పెట్టాల్సింది స్కోపు మీద. బొమ్మ స్పష్టతని చెప్పే రిజల్యూషన్ అంకె 384 అయితే దగ్గర్లో బాగానే ఉంటుంది గానీ దూరం పెరిగేకొద్దీ జంతువు ఆకారం కరిగిపోతుంది. 640లో ఆ తోక తేడా తెలుస్తుంది. ధర వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి మొదటిసారికి అద్దెకి తీసుకోవడమే మంచిది. కారు అద్దంలోంచి థర్మల్ పనిచేయదు, పొగమంచులో బాగా మందగిస్తుంది. ఎర్ర లైటు చవక, కళ్ళ మెరుపు దూరం నుంచే పట్టిస్తుంది, కానీ ఈ పొదల్లో థర్మల్‌కి సాటిరాదు.

టెక్సాస్ ఉత్తరపు కొసన పాన్‌హ్యాండిల్ అనే ప్రాంతంలోని గోధుమ పొలాల్లో చూపు ఆనుతుంది గానీ గాలి విపరీతం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి శాన్ ఏంజెలో చుట్టుపక్కలే నయం. ఇంకో మాట, థర్మల్ పరికరాల ఎగుమతి మీద అమెరికాలో నియంత్రణ ఉంది. ఎంత ముచ్చటపడి కొనుక్కున్నా, అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా విమానం ఎక్కొద్దు.