పౌడర్ మంచులో టూరింగ్‌కు ఏ స్కీ మేలు? మూడు తేలిక స్కీల పోలిక

లిఫ్టు లేని కొండను కాళ్లతో ఎక్కి, ఎవరూ తొక్కని పౌడర్ మంచులో, అంటే కొత్తగా పడిన పొడిలాంటి మెత్తటి మంచులో, దిగాలనుకునేవారు (దీన్నే టూరింగ్ అంటారు) స్కీ కొనేటప్పుడు ముందు చూసేది బరువునే. అది సహజం. వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కేసరికి కాలికున్న ప్రతి వంద గ్రాములూ తెలిసివస్తాయి. అయితే బ్లిజార్డ్ జీరో జి 105, మోమెంట్ వైల్డ్‌క్యాట్ టూర్ 108, డీపీఎస్ పగోడా టూర్ 112 ఆర్‌పీ అనే ఈ మూడింటినీ తూకం వేస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. 180 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ పొడవులో ఒక్కో స్కీ సుమారు ఒకటిన్నర నుంచి 1.7 కిలోల మధ్య ఉంటుంది. పేరు చివరి అంకె పాదం కింద స్కీ వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇంతే వెడల్పున్న రిసార్టు స్కీలు రెండు కిలోలు దాటడం మామూలే కాబట్టి మూడూ తేలికైనవే. తేడా అంతా ఆకారంలో, గట్టిదనంలో ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పౌడర్ స్కీని ఆ రోజు దొరకబోయే మంచి మంచును తలచుకుని ఎంచుకోకూడదు, దారిలో తగలబోయే చెడ్డ మంచును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి. లోతైన మెత్తటి మంచు తప్పులను మన్నిస్తుంది. వంద మిల్లీమీటర్లు దాటిన ఏ స్కీ అయినా అందులో చక్కగానే తేలుతుంది. పరీక్ష మొదలయ్యేది గాలికి బిగుసుకున్న శిఖరం మీద, ఎండకు కరిగి రాత్రి మళ్లీ పెచ్చుకట్టిన వాలులో, మధ్యాహ్నానికి తడిసి బరువెక్కిన కొండ అడుగున. తేలిక స్కీకి అక్కడ దాని తేలికే శత్రువు. పెచ్చును చీల్చుకుపోయే బరువు ఉండదు, అదురును మింగే బరువూ ఉండదు.

ఆస్ట్రియాలో పుట్టిన బ్లిజార్డ్ వారి జీరో జి 105 ఈ పరీక్షలో మిగతా రెండింటికంటే ముందుంటుంది. కార్బన్ చట్రంతో గట్టిగా ఉంటుంది, పాదం కింద క్యాంబర్ (మధ్యలో పైకి లేచిన విల్లు వంపు) ఉంటుంది, రాకర్ (కొనలు పైకి లేచే వంపు) మితంగానే ఉంటుంది. నిటారు వాలులో, గట్టి మంచులో అంచు పట్టు నమ్మకంగా దొరుకుతుంది. కానీ ఇది అలసిన కాళ్లను క్షమించదు. బరువు వెనక్కి వాలితే తోక వెంటనే పైచేయి సాధిస్తుంది. ఎక్కి ఎక్కి తొడలు మండుతున్నప్పుడు కూడా నిలకడగా ముందుకు వంగి నిలబడగలిగినవారికే దీని విలువ పూర్తిగా అందుతుంది.

పగోడా టూర్ 112 స్వభావం పూర్తిగా వేరు. డీపీఎస్ ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ కంపెనీ. ఆ ఊరి పక్కనున్న వాసాచ్ కొండల్లో పడే పొడి మంచు ఎలాంటిదో ఈ స్కీ ఆకారం చూస్తేనే అర్థమవుతుంది. వెడల్పైన ముక్కు, ధారాళమైన రాకర్, చిన్న మలుపులకు అనువైన ఒంపు. చెట్ల మధ్య, లోతైన మంచులో దీనంత తేలికగా తిరిగే టూరింగ్ స్కీలు తక్కువ. గట్టి మంచులో మాత్రం ముక్కు అదురుతుంది. ఎక్కేటప్పుడు మరో ఇబ్బంది: గట్టిపడిన వాలును అడ్డంగా దాటుతున్నప్పుడు వెడల్పు పెరిగేకొద్దీ అంచు పాదానికి దూరమవుతుంది, చీలమండ మీద ఒత్తిడి పెరుగుతుంది. దీనికి సరిపడే స్కిన్లు (ఎక్కేటప్పుడు జారకుండా స్కీ అడుగున అతికించే పట్టీలు) కూడా వెడల్పుగా, బరువుగా ఉంటాయి.

నెవాడాలోని రీనోలో తయారయ్యే వైల్డ్‌క్యాట్ టూర్ 108 మధ్యేమార్గం. రెండు కొనలా రాకర్, పాదం కింద క్యాంబర్. అవసరమైనప్పుడు పక్కకు జారించి వేగం తగ్గించుకోవడం దీనిలో సులువు. మనలో చాలామంది మంచును మొదట చూసేదే ఇరవై ఏళ్లు దాటాక, ఏ సియాటిల్‌కో డెన్వర్‌కో ఉద్యోగానికి వెళ్లినప్పుడు. అలా పెద్దయ్యాక నేర్చుకున్నవారికి ఈ జారే గుణం చాలా పెద్ద భరోసా. ఒకే జత కొనగలిగితే వారికి నేను చెప్పేది ఇదే.

ఊరిని బట్టి ఈ మాట మారుతుంది. జపాన్‌లోని హొక్కైడోకు ప్రత్యేకంగా వెళ్లేవారైతే 112 తీసుకోండి. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమను మోసుకొచ్చి పడమటి కొండల మీద కుమ్మరిస్తుంది. నిసెకో ప్రాంతంలో ఒక్క సీజన్‌లో పది మీటర్లకు పైగా మంచు పడుతుంది, అడవిలో అది మెత్తగానే నిలుస్తుంది. అయినా పక్కనే ఉన్న 1,898 మీటర్ల యోతేయి అగ్నిపర్వతం పైభాగం గాలికి నున్నగా గట్టిపడి ఉండవచ్చు. అక్కడికి జీరో జి మేలు. సియాటిల్ దగ్గరి కాస్కేడ్ కొండల్లో పసిఫిక్ తేమ వల్ల మంచు బరువుగా పడుతుంది, వసంతంలో అక్కడి రెయినియర్ పర్వతం వాలు పొద్దున్నే గట్టిగా ఉంటుంది. అక్కడ నిలకడ వచ్చినవారికి జీరో జి, రానివారికి వైల్డ్‌క్యాట్.

గుల్‌మార్గ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో పౌడర్ అంటే ముందు గుర్తొచ్చేది అదే. గండోలా (కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పైన గాలి కొట్టిన గట్టి మంచు, మధ్య గిన్నెల్లాంటి వాలుల్లో పౌడర్, కింద దేవదారు అడవిలో బరువైన మంచు, మూడూ ఒకే దిగుడులో తగులుతాయి. ఇక్కడ నేను 108 వైపే ఉంటాను. ఎక్కువ ఎత్తు గండోలాయే మోస్తుంది కాబట్టి వంద గ్రాముల కోసం తపించనవసరం లేదు.

గ్రాములు తగ్గించాలంటే స్కీలో కన్నా బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి బిగించే పరికరంలో, వెతకండి. ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో రూపొందించిన పిన్ బైండింగ్ పద్ధతిలో ఈనాడు ఒక్కో కాలికి 300 గ్రాములకు అటూఇటూ ఉన్నవి దొరుకుతాయి. పాత ఫ్రేమ్ బైండింగులు కిలో దాటేవి. ఈ మూడు స్కీల మధ్య ఉన్న తేడా దీని ముందు ఎంత? స్కిన్లలో మొహైర్ (అంగోరా మేక ఉన్ని) తేలికగా జారుతుంది, నైలాన్ గట్టిగా పట్టి ఎక్కువకాలం మన్నుతుంది. రెండూ కలిపి నేసినవి చాలామందికి సరిపోతాయి.

బీకన్ (మంచులో కూరుకుపోయినవారి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) లేకుండా మాత్రం ఏ స్కీ కొన్నా ప్రయోజనం లేదు. పౌడర్‌కు బాగుండే 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే మంచు చరియలు ఎక్కువగా విరిగిపడతాయి. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ మీద అలా ఇద్దరు పోలండ్ స్కీయర్లు ప్రాణాలు కోల్పోయారు. డబ్బు పరిమితమైతే నిరుటి మోడల్ స్కీ తగ్గింపు ధరకు కొని, మిగిలినది మంచు చరియల భద్రతా శిక్షణకు పెట్టండి.

పొడవు విషయంలో, రాకర్ ఎక్కువున్న 108, 112 రెండింటినీ మామూలుగా వాడే స్కీకన్నా ఒక సైజు పొడవుగా తీసుకోవచ్చు. జీరో జికి ఆ అవసరం లేదు. నిటారు దారిలో కిక్ టర్న్ (ఎక్కుతూ నిలబడ్డచోటే ఒక్కో స్కీని ఎత్తి దిశ మార్చడం) తిప్పేటప్పుడు పొట్టి స్కీయే సుఖం.