పాత ఎమ్‌జీబీ బాడీ పనికి ఇస్తున్నారా? ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల మీద మోజుపడ్డ మనవాళ్ళ కోసం రాస్తున్నాను. షెడ్డు పేరు చెప్పను, గొడవ ఇంకా తేలలేదు.

నాది 1967 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్, టార్టన్ రెడ్ రంగు. కొనేటప్పుడు మావాడు ఫ్రిజ్ మీదున్న వెంకన్న మ్యాగ్నెట్ జేబులో వేసుకొచ్చాడు, ఎక్కడ పుట్టీ ఉందో చూద్దామని. తలుపులకి, వింగులకి (మనం ఫెండర్లు అంటాం కదా, అవే) బాగానే అతుక్కుంది. బానెట్ మీద పెడితే జారి కింద పడింది. "నాన్నా, ఇది మొత్తం పుట్టీయే" అని వాడు కంగారు. కాదురా, అరవైల్లో వచ్చిన ఈ కార్లకి బానెట్ అల్యూమినియం, తర్వాతే స్టీల్‌కి మార్చారు అని చెప్పాను. నేను అసలు ఆ కారు కొన్నదే అందుకు. రంగు తప్ప రేకులన్నీ ఫ్యాక్టరీవే.

సిల్స్ (తలుపుల కింద, రెండు చక్రాల మధ్య పొడుగ్గా ఉండే రేకులు) మాత్రం తుప్పు పట్టాయి. వాటిని మార్చి, మిగతా రేకుల్ని పారేయకుండా బాగుచేయాలని ఒప్పందం. షెడ్డువాడు 7,200 పౌండ్లు అన్నాడు. సగం ముందే బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాను, అది నా మొదటి బుద్ధితక్కువ పని. మూడు నెలలన్నది పదకొండు నెలలైంది. ఎప్పుడు ఫోన్ చేసినా "పెయింట్‌లో ఉంది" అనేవాడు.

తీసుకోవడానికి వెళ్తే కారు అద్దంలా మెరుస్తోంది. మావాడు అలవాటుగా మ్యాగ్నెట్ తీసి బానెట్ మీద పెట్టాడు. టప్పున అతుక్కుంది.

నాకు నోట మాట రాలేదు. బానెట్ ఎత్తి చూస్తే, అడుగున పాత ఎర్ర రంగు ఉండాల్సిన చోట కొత్త రేకుకి వేసొచ్చే నల్ల కోటింగ్. ముందు వింగులు కూడా కొత్తవే, అవీ ఎవరో చేసిన చవక నకళ్ళు. బోల్టు రంధ్రాలు కలవక ఫైలుతో కోలగా అరగదీశాడు. తలుపు పక్కన సందు పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పు. పాతవేవి అంటే "తుక్కువాడు పట్టుకెళ్ళాడు" అన్నాడు.

ఇలా ఎందుకు చేస్తారంటే, ఎమ్‌జీబీలు 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఏ రేకైనా కొత్తది దొరుకుతుంది. పాత వింగులో కుళ్ళిన అంచు కోసి, ముక్క అతికి, సుత్తితో సాపు చేయడానికి రోజులు పడుతుంది. కొత్తది బిగించడానికి ఒక పూట చాలు. మన దగ్గర్నుంచి మాత్రం పాత రేకు బాగుచేసినట్టే టింకరింగ్ కూలీ మొత్తం గుంజుతారు.

అంతకన్నా భయపెట్టేది సిల్స్ సంగతి. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు. పైకప్పు కూడా లేదు కాబట్టి బలమంతా సిల్స్‌దే. అవి పొరలు పొరలుగా ఉంటాయి. లోపలి రేకు, మధ్య రేకు, అడుగున ఇంకొకటి, బయట కనిపించేది. ఆ బయటిది ముందు వింగు వెనక నుంచి వెనక వింగు కింద దాకా పోతుంది. అందుకే ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు, వింగుకీ సిల్‌కీ మధ్య ఒక అతుకు గీత కనిపించాలి. నా కారుకి ఆ గీత లేదు, పుట్టీతో పూడ్చేశాడు. తుప్పు సిల్ మీదే పైపైన కవర్ రేకు వెల్డింగ్ చేసి రంగు కొట్టాడన్నమాట. ఇంటికొచ్చి సిల్ దగ్గర జాక్ పెట్టి ఎత్తితే తలుపు సందు మూసుకుపోయి తలుపు తెరుచుకోలేదు. నలభై ఏళ్ళు దాటిన కార్లకి 2018 నుంచి ఎమ్‌ఓటీ (ఇక్కడ ఏటా చేసే కారు తనిఖీ) తప్పనిసరి కాదు, కాబట్టి ఇలాంటి పని ఇన్‌స్పెక్టర్ కంట పడుతుందని కూడా ఆశ లేదు.

మీరు ఇస్తుంటే, ప్రతి రేకు లోపలి వైపు మీకు మాత్రమే తెలిసేలా ఒక గుర్తు గీసి ఫొటో తీసుకోండి. పాత రేకులు పనికిరానివైనా సరే తిరిగి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. సిల్ బయటి రేకు మూసేముందు ఫోన్ చేయమనండి, సెలవు పెట్టి అయినా వెళ్ళి కళ్ళారా చూడండి. అప్పుడు తలుపులు బిగించే ఉండాలి, బాడీకి లోపల అడ్డ కడ్డీలు వేసి ఉండాలి, లేకపోతే కోసినప్పుడు మధ్యలో కుంగిపోతుంది. అడ్వాన్స్ క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి. 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఖరీదైన పనికి, ఇక్కడి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద, పని చెడితే కార్డు కంపెనీ కూడా బాధ్యురాలే. నేను ట్రాన్స్‌ఫర్ చేశాను కాబట్టి నాకు ఆ దారి లేదు. ఇప్పుడు స్మాల్ క్లెయిమ్స్‌కి (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు పద్ధతి) కాగితాలు సిద్ధం చేస్తున్నాను. అక్కడ పరిమితి 10,000 పౌండ్లు.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ బానెట్ తుక్కులో పోయిందంటే నేను నమ్మను. మంచి అల్యూమినియం బానెట్‌ని ఎవరూ తుక్కుకి వేయరు. ముందు ఎడమ మూలన రూపాయి బిళ్ళంత సొట్ట, అడుగున టార్టన్ రెడ్, పక్కపక్కనే మూడు స్క్రూ రంధ్రాలు ఉన్న బానెట్ ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే దయచేసి నాకు చెప్పండి.